మెదడు ధమనులలోని నెత్తురు తిత్తులు - కంప్యూటరుపై చికిత్సా పరీక్ష

మెదడునకు రక్తమును గొనిపోవు ప్రధాన ధమనులు నాలుగు. మెడ ముందు భాగమున రెండు, వెన్నుపూసల వెంబడి రెండు పైకెక్కి, పుర్రె అడుగున ఒక వలయముగా కలిసికొనును. 1664లో ఆంగ్ల వైద్యుడు థామస్ విల్లిస్ దీనిని తన గ్రంథమున వివరించినందున నేటికిని ఇది విల్లిస్ వలయమనియే పేరు వడసినది. ధమని చీలు తావులందు రక్తపు ఒరవడి గోడను ఎడతెగక తాకుచుండును. అట్టిచోట గోడ బలహీనపడి, కొందరిలో చిన్న తిత్తివలె వెలుపలికి ఉబ్బును. వైద్యులు దీనిని అన్యూరిజమ్ అందురు. దీనిని ధమనీబుద్బుదమనుటకంటె నెత్తురు తిత్తి యనుట మేలు. బుద్బుదము గాలితో నిండునది గదా!

వయోజనులలో నూటికి సుమారు ముగ్గురికి ఇట్టి తిత్తి యుండునని అంచనా. పెక్కుమందిలో అది జీవితాంతము పగులదు. ఉన్నదన్న సంగతియు తెలియదు. పగిలినచో మాత్రము మెదడు చుట్టును నెత్తురు చిమ్మి ప్రాణాపాయము కలుగును. కావున వైద్యుని చిక్కు సామాన్యమైనది కాదు: ఏ బాధయు లేని మనుష్యునకు, పగులునో పగులదో తెలియని తిత్తికై, తానుగా కొంత ప్రమాదము కలిగిన చికిత్స చేయవచ్చునా?

1937లో బాల్టిమోరున వాల్టర్ డాండీ పుర్రె తెరచి తిత్తి మెడకు లోహపు క్లిప్పు బిగించెను. 1990లో ఇటలీ వైద్యుడు గైడో గుగ్లియెల్మీ, లాస్ ఏంజెలెస్ నందు, ధమని గుండనే పంపిన ప్లాటినం తీగచుట్టలతో తిత్తిని నింపు పద్ధతిని ప్రారంభించెను. తిత్తి మెడ వెడల్పుగా నున్నచో ఈ చుట్టలు నిలుచుట కష్టము. ఈ లోటును తీర్చుటకు వచ్చినది ప్రవాహమును మళ్లించు స్టెంటు. 2011లో అమెరికాలో అనుమతి పొందిన పైప్‌లైన్ స్టెంటు 48 సన్నని తీగలతో అల్లిన గొట్టము.

ఈ వలను తిత్తిలో నుంచరు. ధమనిలోనే, తిత్తి నోటికి అడ్డముగా పరతురు. తీగలు కప్పునది సుమారు మూడవ వంతు, తక్కినదంతయు రంధ్రములే. ఏటి ఒడ్డు కోతపడి ఏర్పడిన మడుగు నోట వెదురు దడి కట్టినచో నీరు పూర్తిగా ఆగదు. సుడి తగ్గి లోపల ఒండ్రు మేటవేయును. అట్లే తిత్తిలో నెత్తురు మందగించి గడ్డకట్టును; నెలల తరబడి వలపై క్రొత్త పొర పెరుగును. ఈలోగా వలయే పూడిపోకుండుటకై రోగికి నెత్తురు గడ్డకట్టనీయని మందులు ఇత్తురు. ప్రక్కనున్న చిన్న కొమ్మలకు రక్తము ఈ రంధ్రముల గుండనే పోవలయును. వల మిక్కిలి దట్టమైనను కీడే, పలుచనైనను కీడే.

ఒకమారు పూర్తిగా విప్పారిన వలను వెనుకకు తీయుట సులభము కాదు. అందుచేతనే ముందుగా లెక్కించి చూచు యత్నము బయలుదేరినది. ఎక్స్‌రే యంత్రమును రోగి తల చుట్టును త్రిప్పి తీసిన చిత్రములనుండి ధమని ఆకృతిని కంప్యూటరులో నిర్మించి, అందు వలను పరతురు. ధమని వంపున వెలుపలి వైపు రంధ్రములు విచ్చుకొనును, లోపలి వైపువి దగ్గరపడును. ఇదియు లెక్కకు వచ్చును. పిదప ధమని లోపలి భాగమును లక్షలాది సూక్ష్మఖండములుగా విభజించి, 19వ శతాబ్దమున నేవియర్, స్టోక్స్ అను శాస్త్రజ్ఞులు రూపొందించిన ద్రవచలన సమీకరణములను ప్రతి ఖండమునకును సాధింతురు. వలకు పూర్వము తిత్తిలో చొచ్చిన ప్రవాహమెంత, తరువాత ఎంత, గోడపై రాపిడి ఎంత యను విషయములు ఇట్లు తేలును.

ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ముఖ్యులుగా జరిపిన ఒక పరిశోధన 2021లో ప్రకటితమైనది. 82 ధమనీ ఆకృతులపై ఆధారపడి 164 మంది కల్పిత రోగులను సృష్టించి, అందరికిని కంప్యూటరులోనే స్టెంటు అమర్చిరి. వచ్చిన ఫలితములు నిజమైన రోగులపై అంతకుముందు జరిగిన మూడు పరీక్షల ఫలితములతో సరిపోలెను. రక్తపోటు అధికమైనప్పుడు, తిత్తినుండి కొమ్మ చీలినప్పుడు ప్రవాహము తగినంత తగ్గకపోవచ్చునని కూడ గ్రహించిరి. సజీవులైన రోగులపై ఇట్టి పరీక్ష జరుపుట దుష్కరము.

అయినను లెక్క లెక్కయే. రోగి ధమనిలో రక్తవేగమును కొలువక సగటు విలువలను గైకొనుట, కదలాడు గోడను కదలనిదిగా భావించుట సాధారణము. ఒండ్రు పోలికయు ఇచ్చట చాలదు: ఒండ్రు బరువుచే అడుగునకు దిగును, నెత్తురు గడ్డకట్టుటకు రసాయనిక క్రియలు కావలయును. గోడపై రాపిడి ఎక్కువగుట ముప్పు అని కొందరును, తక్కువగుట ముప్పు అని కొందరును లెక్కలు చూపగా, ఇది గందరగోళమును పంచుటయేనా యని 2012లో డేవిడ్ కాల్మెస్ అను అమెరికా వైద్యుడు ఎత్తిపొడిచెను. ఈ స్టెంటు పరీక్షలలో ప్రముఖ పాత్ర వహించినవాడగుటచే ఆ మాటను త్రోసివేయరాదు.

వైద్యశాలలలో ఈ విద్య నేడు ఎక్కువగా అక్కరకు వచ్చుచున్నది వల పొడవును, వ్యాసమును ఎంచుకొనుటకే. తిత్తి మూసికొన్నదా లేదా యనునది, ఆరు నెలలకో సంవత్సరమునకో మరల తీయు ధమనీ చిత్రమును చూచియే వైద్యులు నిర్ణయించుచున్నారు.