అమీర్‌పేట చెవిలో వీణ

దేశంలోని పెద్ద నగరాల్లో చప్పుడును రేయింబవళ్లు కొలిచే కేంద్రాలు పెట్టాలని 2011లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పూనుకుంది. హైదరాబాద్‌లో అందుకు ఎంచుకున్న చోట్లలో పంజాగుట్ట ఒకటి. ఎందుకు ఎంచుకున్నారో ఆ చౌరస్తాలో సాయంత్రం ఆరింటికి నిలబడ్డవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం వ్యాపార ప్రాంతంలో పగలు 65 డెసిబెళ్లు, రాత్రి 55 దాటకూడదు. ఆసుపత్రి చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద మండలం. అక్కడ పగలైనా 50 మించకూడదు. పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రి గోడ పక్కన బస్సు కోసం ఎదురుచూసే మనిషికి ఈ అంకెలు చదివితే నవ్వొస్తుంది.

మనసుకు హాయినిచ్చే పాటల మార్పిడి జోరుగా సాగేది కూడా ఇక్కడే, పక్కనున్న అమీర్‌పేటలో.

మైత్రీవనం చుట్టూ జావా, పైథాన్, టెస్టింగ్ కోర్సులంటూ ఫ్లెక్సీలు. వాటి వెనక సందుల్లో హాస్టళ్లు. త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్ గదుల్లో ఇచ్ఛాపురం కుర్రాడి పక్క మంచం ఆదిలాబాద్ కుర్రాడిది, కిటికీ పక్కది కర్నూలు వాడిది. ఊరి నుంచి వచ్చిన ఆవకాయ సీసా ఎలా చేతులు మారుతుందో పాటలూ అలాగే మారతాయి. ఒకడు ఇళయరాజా పిచ్చోడు. ఇంకొకడు జానపదం లేకపోతే అన్నం తినడు. మూడోవాడు ‘లో-ఫై’ పెట్టుకుని తెల్లారేదాకా కోడింగ్ చేస్తాడు. ఆరు నెలల కోర్సు ముగిసేసరికి ముగ్గురి ఫోన్లలోనూ మూడు రకాలూ చేరతాయి.

ఇప్పుడు ‘స్లోడ్ అండ్ రివర్బ్’ అనే కొత్త వేషం వచ్చింది. పాత పాట వేగం తగ్గించి, గొంతుకు ప్రతిధ్వని కలుపుతారు. బాలు పాటను అలా సాగదీస్తే పెద్దవాళ్లకు ఒళ్లు మండుతుంది. మండడంలో న్యాయం ఉంది కూడా. అయితే కుర్రాళ్లు వెతుక్కుంటున్నది వేగం తగ్గిన పాటనే అన్న సంగతి మాత్రం కొట్టిపారేయదగ్గది కాదు.

ఎందుకంటే శాస్త్రం చెప్పేదీ దాదాపు అదే. 2006లో ‘హార్ట్’ అనే వైద్య పత్రికలో ఇటలీ వైద్యుడు లూసియానో బెర్నార్డి బృందం ఒక అధ్యయనం అచ్చువేసింది. 24 మందికి ఆరు రకాల సంగీతం వినిపించారు. అందులో పాశ్చాత్య శాస్త్రీయం, ర్యాప్, టెక్నో, మన రాగం కూడా ఉన్నాయి. లయ వేగం పెరిగేకొద్దీ ఊపిరి, గుండె వేగం, రక్తపోటు పెరిగాయి. సంగీతం ఏ జాతిదన్నదాని కంటే ఎంత వేగంగా నడుస్తోందన్నదే లెక్కకొచ్చింది. అన్నిటికంటే విచిత్రం, మధ్యలో రెండు నిమిషాలు సంగీతం ఆపినప్పుడు శరీరం వినకముందుకన్నా ఎక్కువ స్థిమితపడింది.

నిమ్స్ వరండాల్లో ఆపరేషన్ థియేటర్ వైపు చూస్తూ కూర్చునేవాళ్లకు పనికొచ్చే సమాచారం ఇంకొకటుంది. శస్త్రచికిత్స చేయించుకున్నవారికి సంగీతం వినిపిస్తే నొప్పి, ఆందోళన, నొప్పి మందుల వాడకం తగ్గుతాయని 73 ప్రయోగాల ఫలితాలను కలిపి చూసి 2015లో ‘లాన్సెట్’ ప్రచురించింది. ఫలానా సంగీతమే కావాలన్న నియమం అక్కడా కనబడలేదు.

అలాంటప్పుడు ఎవరి పాట వినాలి? తెలిసినవాళ్లు ఇచ్చిన పాట. ఈ అలవాటు మనకు పాతదే. విజయవాడ, హైదరాబాద్ వివిధభారతి కేంద్రాల ‘జనరంజని’ రేడియో కార్యక్రమానికి కార్డు ముక్క రాసి, పాటకు ముందు తమ పేరూ ఊరూ చదువుతారని చెవులు రిక్కించి కూర్చున్న తరం ఇంకా మన మధ్యే ఉంది. ఆ తర్వాత క్యాసెట్ల కాలం. తెల్లకాగితం మీద పాటల జాబితా రాసి షాపులో ఇస్తే ఖాళీ క్యాసెట్‌లో నింపి ఇచ్చేవారు. సిక్స్టీ నిమిషాలదైతే ఒక్కో పక్కకు అరగంట, నైంటీదైతే ముప్పావుగంట. చోటు తక్కువ కాబట్టి ఎంపికలో శ్రద్ధ ఎక్కువ. ఇప్పుడు వాట్సాప్‌లో వచ్చిపడే ఇరవై లింకుల్లో ఒక్కటీ తెరవకపోవడానికి కారణం ఆ శ్రద్ధ లేకపోవడమే.

శ్రద్ధగా ఎంచుకుంటే మన వాకిట్లోనే బోలెడుంది. చిట్టిబాబు వీణ మీద పలికించిన ‘కొమ్మలో కోయిల’ వినడానికి రాగజ్ఞానం అక్కర్లేదు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ 1995లో కెనడా సంగీతకారుడు మైకేల్ బ్రూక్‌తో కలిసి ‘డ్రీమ్’ అనే ఆల్బం చేశాడు. కర్ణాటక సంగీతమంటే బెదిరేవాళ్లకు అది మంచి గుమ్మం. త్యాగరాజుకూ బాఖ్‌కూ అంకితమిస్తూ ఇళయరాజా 1986లో చేసిన ‘హౌ టు నేమ్ ఇట్’లో మాటలే లేవు. చదువుకుంటూ వినేవాళ్లకు అంతకన్నా ఏం కావాలి? శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువు, బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిటార్ కలిసిన 1967 నాటి ‘కాల్ ఆఫ్ ది వ్యాలీ’ కూడా ఆ వరసలోదే.

అన్నమయ్య సంగతి వేరు. ఆయన సంకీర్తనలు చెక్కిన రాగిరేకుల మీద రాగం పేరు ఉంది కానీ స్వరం లేదు. వందలాది సంకీర్తనలకు బాణీలు కట్టి, తానే పాడి ఇళ్లకు చేర్చినవాడు గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్. 2025 మార్చి 9న కన్నుమూశాడు. తెల్లవారుజామున ఆ గొంతు వినిపించే ఇళ్లకు ఇప్పటికీ కొదవ లేదు.

హైదరాబాద్‌లో గట్టిగా వేళ్లూనుకున్నది ఖవ్వాలి. వార్సీ సోదరులు నసీర్, నజీర్ అహ్మద్ ఖాన్‌లు తమ తాత, పద్మశ్రీ అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ బాటలో పాడుతూ వచ్చారు. చప్పట్లు జోరందుకున్నాక ఖవ్వాలి నిద్రపుచ్చదు, లేపి కూర్చోబెడుతుంది. మొదట్లో వచ్చే నిదానపు ఆలాపన మాత్రం ఎంత అలసటనైనా దించుతుంది. అమీర్‌పేట గురుద్వారాలో గుర్బాణీ వినడానికి సిక్కులే అయి ఉండాలన్న నిబంధనా లేదు. తల కప్పుకుని వెళ్లి కూర్చుంటే చాలు.

వినే చోటుతో ఒక చిక్కుంది. అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు మెట్రోలో ఒక్క స్టేషనే. పల్లవి అయ్యేలోపు దిగాలి. రోడ్డు మీదికి రాగానే హారన్లను మించి వినబడాలని వేలు వాల్యూమ్ మీదికి పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దలకు 80 డెసిబెళ్ల దగ్గర వారానికి 40 గంటలు వినడం సురక్షితం. 90కి పెంచితే నాలుగు గంటలే. జోలపాటైనా ఆ మోతలో వింటే చెవికి చేటే.

ఈ ఆదివారం ఎవరికైనా పాట పంపాలనిపిస్తే ఒక్కటే పంపండి. ఎందుకు నచ్చిందో ఒక ముక్క రాయండి. పాట అయ్యాక రెండు నిమిషాలు ఇంకేమీ పెట్టుకోవద్దని చెప్పండి. పంజాగుట్ట చౌరస్తా దాటాకే వినమనండి.