సీసాలో మందు, ఇంజిన్‌లో మసి

కారు సర్వీసుకిస్తే బిల్లులో ఈమధ్య ‘డీకార్బనైజేషన్’ (మసి తొలగింపు) పద్దు తరచుగా కనిపిస్తోంది. ఇంజిన్‌లో మసి పేరుకోవడం నిజమే. అది ఎక్కడ పేరుకుంది, పోసే మందు అక్కడిదాకా చేరుతుందా అని మాత్రం ఎవరూ అడగడం లేదు.

అపోహ: పెట్రోలు ట్యాంకులో ఒక సీసా పోస్తే ఇంజిన్ మొత్తం శుభ్రమైపోతుంది.

వాస్తవం: అది ఇంజిన్ రకాన్ని బట్టి ఉంటుంది. మామూలు ఎంపీఎఫ్‌ఐ కార్లలో పెట్రోలు ఇన్‌టేక్ వాల్వుల మీదుగా సిలిండర్‌లోకి వెళ్తుంది. కాబట్టి పాలీఈథర్‌ఎమీన్ అనే డిటర్జెంట్ ఉన్న మంచి క్లీనర్ ఇంజెక్టర్ నాజిళ్లనూ వాల్వులనూ కడగగలదు. అదీ ఒక్కపూటలో కాదు, ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నడిపితే మెల్లమెల్లగా.

డైరెక్ట్ ఇంజెక్షన్ ఉన్న కార్ల సంగతి వేరు. ఇప్పటి టర్బో పెట్రోలు కార్లు చాలావరకు ఈ రకమే. వీటిలో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోనే చిమ్ముతుంది, ఇన్‌టేక్ వాల్వుకు చుక్క కూడా తగలదు. క్రాంక్‌కేసు నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి మాత్రం దానికి తగులుతూ, వేడికి మాడి, గట్టి పెచ్చులా అంటుకుపోతుంది. ట్యాంకులో ఎన్ని సీసాలు పోసినా ఆ పెచ్చు కదలదు. బాగా ముదిరితే ఇన్‌టేక్ మానిఫోల్డ్ విప్పి, వాల్‌నట్ పెంకుల పొడిని గాలి ఒత్తిడితో కొట్టి రాల్చడమే నమ్మదగిన దారి. ఆ పొడి మసిని ఊడగొడుతుంది గానీ లోహాన్ని గీయదు.

డీజిల్ కార్లలో పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు, ఇన్‌టేక్ మానిఫోల్డ్ పూడుకుపోతాయి. ట్యాంకులో పోసిన మందు వాటికీ అందదు.

అపోహ: ఇంజిన్ గాలి పీల్చే దారిలోకి క్లీనర్ స్ప్రే కొట్టాక సైలెన్సర్‌లోంచి దట్టంగా వచ్చే పొగంతా కరిగిన మసే.

వాస్తవం: అందులో చాలావరకు కాలుతున్న మందే. మసి లేని ఇంజిన్‌లో కొట్టినా పొగ వస్తుంది.

అపోహ: మందు ఎంత ఎక్కువైతే అంత శుభ్రం.

వాస్తవం: నన్ను ఎక్కువగా భయపెట్టే అపోహ ఇదే. ద్రవం నొక్కితే కుంచించుకుపోదు. ఒక్కసారిగా ఎక్కువ మందు సిలిండర్‌లోకి పోతే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు, అప్పుడు ఇంజిన్ విప్పాల్సిందే. పెట్రోలు కార్ల కోసం చేసిన, మండే స్ప్రేను నడుస్తున్న డీజిల్ ఇంజిన్‌లోకి కొడితే అది ఇంధనంలాగే అంటుకుంటుంది. ఇంజిన్ అదుపు తప్పవచ్చు. గాలిని కొలిచే సెన్సర్‌లోని సన్నని తీగకు కార్బురేటర్ క్లీనర్ తగిలితే సెన్సర్ పాడవుతుంది. దానికి విడిగా క్లీనర్ ఉంది.

ఆయిల్ మార్చేముందు పోసే ఇంజిన్ ఫ్లష్ కూడా మసి తీస్తుందనుకుంటారు. అది పనిచేసేది ఆయిల్ తిరిగే దారుల్లోని జిడ్డు మీదే. ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు కడుగుతుందన్నదీ అంతే: ఆక్టేన్ అంటే నాకింగ్‌ను తట్టుకునే శక్తి, కడిగే గుణం అందులో కలిపే డిటర్జెంట్‌ది.

అపోహ: పదివేల కిలోమీటర్లకోసారి డీకార్బనైజేషన్ తప్పనిసరి.

వాస్తవం: మీ కారు మాన్యువల్‌లోని సర్వీసు పట్టిక తీసి చూడండి. అందులో లేకపోతే ఎందుకు చేయాలో గట్టిగా అడగండి. పికప్ తగ్గడం, ఐడిలింగ్‌లో వణుకు మసి వల్లే కానక్కర్లేదు. పాత స్పార్క్‌ప్లగ్గు, చెడిన కాయిల్, గాలి లీకు వల్ల కూడా వస్తాయి. ముందు వాటిని పరీక్షించమనండి. బోర్‌స్కోప్ కెమెరా పంపి లోపలి మసిని ఫోటోలో చూపించాకే ఒప్పుకోండి.