పొట్ట చిన్నదైంది... ఓపిక పెద్దది కావాలి!

బరువు తగ్గడానికి చేసే ఆపరేషన్ గంటా రెండు గంటల్లో అయిపోతుంది. ఆ తర్వాతి కథే నెలల తరబడి నడుస్తుంది... వంటింట్లో, పెళ్లి పందిట్లో, అద్దం ముందు! ఆ రోజుల్ని తేలిగ్గా దాటేదెలా?

గూడూరు వాళ్లకు పెద్దాసుపత్రి అంటే నెల్లూరు, తిరుపతి, చెన్నై. రైల్వే జంక్షన్ కాబట్టి ఎటు వెళ్లాలన్నా రైలుకు కొదవలేదు. బేరియాట్రిక్ సర్జరీ కోసమూ అలాగే వెళ్తారు. అంతా సవ్యంగా జరిగితే రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపేస్తారు. చిక్కంతా అక్కడే ఉంది. అసలు ఇబ్బందులు మొదలయ్యేది ఇంటికొచ్చాకే. అప్పుడు పక్కన ఉండేది డాక్టరు కాదు... అమ్మో, అత్తో, భార్యో, భర్తో! అందుకే ఈ విషయాలు రోగికి ఎంత తెలియాలో ఇంట్లోవాళ్లకూ అంతే తెలియాలి.

ఊబకాయం ఇప్పుడు పట్నాల జబ్బు మాత్రమే కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36 మంది మహిళలు అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. వీళ్లందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. ఎత్తుకు తగ్గ బరువును లెక్కగట్టే బీఎంఐ బాగా ఎక్కువగా ఉండి, షుగరు, బీపీ, గురక, మోకాళ్ల నొప్పులు వేధిస్తూ, ఆహార నియమాలూ వ్యాయామమూ ఫలితమివ్వనప్పుడే ఆ మాట.

ఏం చేస్తారు?

మనదేశంలో ఎక్కువగా చేసేవి రెండు. స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయంలో ముప్పాతిక భాగానికి పైగా కోసి తీసేస్తారు. మిగిలింది అరటికాయ ఆకారంలో సన్నటి గొట్టంలా ఉంటుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను ఎక్కువగా తయారయ్యేది తీసేసిన భాగంలోనే కాబట్టి ఆకలీ తగ్గుతుంది. బైపాస్‌లో జీర్ణాశయం పైభాగాన్ని చిన్న సంచిలా వేరుచేసి, నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. ఈ బైపాస్‌ను 1966లో అమెరికాలో ఎడ్వర్డ్ మేసన్ మొదలుపెట్టారు. మన దగ్గర 2011లో నితిన్ గడ్కరీ, 2014లో అరుణ్ జైట్లీ లాంటి నేతలు చేయించుకోవడంతో సామాన్యులకూ దీని పేరు తెలిసింది.

భుజం ఎందుకు నొప్పి?

కోత పొట్ట మీదైతే భుజం లాగుతోందేంటని చాలామంది కంగారుపడతారు. ల్యాప్రోస్కోపీ చేసేటప్పుడు పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ పంపి ఉబ్బిస్తారు. తర్వాత తీసేసినా కొంత మిగిలి, ఊపిరితిత్తుల కిందుండే కండర పొరను చికాకు పెడుతుంది. ఆ పొర నరాలకూ భుజానికీ సంబంధం ఉండటంతో నొప్పి అక్కడ తెలుస్తుంది. రెండు మూడు రోజుల్లో అదే తగ్గుతుంది. మందు... నడక! గంటకోసారి లేచి నాలుగడుగులు వేస్తే గాలి సర్దుకుంటుంది, కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పూ తగ్గుతుంది. 'పచ్చి ఒళ్లు, కదలకూడదు' అంటూ మంచానికే అతికించేయడం ప్రేమ కాదు, ప్రమాదం.

నొప్పి ఎక్కువైందని వీధి చివర మందుల షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ బిళ్లలు కొనిమింగొద్దు. ముఖ్యంగా బైపాస్ అయినవాళ్లకు వీటివల్ల కుట్ల దగ్గర పుండ్లు పడతాయి. డాక్టరు రాసిచ్చినవే వాడాలి.

గుటక గుటకగా...

ఆపరేషన్ తర్వాత మళ్లీ ఆసుపత్రిలో చేరాల్సి రావడానికి ఒక ముఖ్య కారణం ఒంట్లో నీరు తగ్గిపోవడం. గ్లాసెత్తి గడగడా తాగే వీల్లేదు. తాగితే వాంతే! పక్కన చిన్న కప్పు పెట్టుకుని నిమిషానికో గుటక చొప్పున, రోజు మొత్తమ్మీద లీటరున్నర నుంచి రెండు లీటర్లు పూర్తిచేయాలి. నిమ్మకాయల ఊరు కదా, పల్చటి నిమ్మనీళ్లు చక్కెర లేకుండా తాగొచ్చు. సోడా మాత్రం వద్దు. గ్యాసుతో పొట్ట ఉబ్బరిస్తుంది.

మొదటి రెండు వారాలూ ద్రవాలే... పల్చటి మజ్జిగ, పప్పుకట్టు, వడగట్టిన సూపు. ఆ తర్వాత మెత్తగా గుజ్జు చేసినవి. నెల దాటేసరికి మెత్తటి ఇడ్లీ, ఉడికించిన గుడ్డు, ముల్లు తీసిన చేప. మామూలు భోజనానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఎవరికి ఎప్పుడు ఏది అన్నది మీ ఆసుపత్రి డైటీషియన్ చెప్పినట్టే. మాంసకృత్తులు రోజుకు కనీసం 60 గ్రాములు అందాలి కాబట్టి, కంచంలో ముందు తినాల్సింది గుడ్డో పప్పో చేపో. అన్నం ఆ తర్వాతే. భోజనంతో పాటు నీళ్లు తాగకూడదు. అరగంట ఎడం ఉండాలి.

బైపాస్ అయినవాళ్లు మలైకాజా చూసి నోరూరి ఒకటి లాగించారనుకోండి... అరగంటలో గుండెదడ, చెమటలు, కడుపులో మెలితిప్పు, విరేచనాలు! తీపి ఒక్కసారిగా పేగులోకి దిగడం వల్ల వచ్చే ఈ ఇబ్బందిని డంపింగ్ అంటారు. కాసేపు పడుకుంటే సర్దుకుంటుంది.

జుట్టు రాలుతోందా?

మూడో నెల నుంచి దువ్వెన నిండా జుట్టే. బరువు వేగంగా తగ్గినప్పుడు ఇది మామూలే. పోషకాలు సరిగా అందితే కొన్ని నెలల్లో మళ్లీ వస్తుంది. బి12, ఐరన్, కాల్షియం, విటమిన్-డి మాత్రలు మాత్రం జీవితాంతం వేసుకోవాల్సిందే. 'ఏడాదైంది, బాగానే ఉన్నాగా' అని మానేసినవాళ్లకు రక్తహీనత, అరికాళ్ల తిమ్మిర్లు, ఎముకల బలహీనత నెమ్మదిగా మొదలవుతాయి. షుగరు, బీపీ మాత్రల మోతాదూ త్వరగా మార్చాల్సి వస్తుంది. పాత మోతాదే కొనసాగిస్తే షుగరు పడిపోయి కళ్లు తిరుగుతాయి. ఆడవాళ్లు ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకోవాలి.

'ఏంటిలా చిక్కిపోయావ్?'

శరీరం కంటే మనసును కుంగదీసేవి మాటలు. 'షుగరొచ్చిందా? అంత డబ్బు పోసి పొట్ట కోయించుకోవడమెందుకు?' అంటారు బంధువులు. పెళ్లి పంక్తిలో 'ఇంకొక్క గరిటె' అంటూ బలవంతం. వేలాడే చర్మం ఒకపక్క, ఇష్టమైనది తినలేని దిగులు మరోపక్క. దిగులు రెండు వారాలు దాటినా వదలకపోతే సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పాలి. ఇంట్లోవాళ్లు చేయగల గొప్ప సాయం... 'ఇంకాస్త తిను' అన్న మాట మానేయడం!

ఇంత కష్టపడితే ఫలితముందా? స్వీడన్‌లో వేలమందిని పదేళ్లకు పైగా గమనించి 2007లో వెల్లడించిన అధ్యయనంలో, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో మరణాలు దాదాపు 29 శాతం తక్కువ. అయితే పాత తిండికి తిరిగెళ్తే పోయిన బరువూ తిరిగొస్తుంది. కత్తి చేసేది సగం పనే. మిగతా సగం కంచం దగ్గర మనమే చేయాలి.

ఇవి కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు!

* విశ్రాంతిగా ఉన్నా గుండె నిమిషానికి 120 సార్లకు మించి కొట్టుకోవడం
* జ్వరం, చలి, రోజురోజుకూ పెరిగే కడుపునొప్పి... కుట్ల దగ్గర లీకు కావచ్చు
* ఆయాసం, ఛాతీనొప్పి, ఒక కాలు పిక్క వాచి నొప్పెట్టడం
* గుటక నీళ్లు కూడా నిలవకుండా వాంతులు
* నల్లటి విరేచనం, రక్తపు వాంతి

దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్తే 'బరువు తగ్గే ఆపరేషన్ అయింది' అని ముందే చెప్పండి. డిశ్చార్జి కాగితం, ఆపరేషన్ చేసిన డాక్టరు ఫోన్ నంబరు ఎప్పుడూ దగ్గరుంచుకోండి.