మీకు తెలుసా? మిల్లు అసలు సత్తా చెప్పేది నిర్వహణ లాభం

చుట్టుపక్కల పండే పత్తికి ఆదోని పెద్ద మార్కెట్. అక్కడి జిన్నింగ్ మిల్లుల్లో 100 కిలోల పత్తి ఆడిస్తే సుమారు మూడో వంతు దూది వస్తుంది, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం గింజలే. ఆ రెండూ అమ్మితే వచ్చేదే మిల్లు రాబడి. మరి లాభమెంత?

● లెక్క ఇలా: ఒక మిల్లు అమ్మకాలు 100 లక్షల రూపాయలు అనుకుందాం. పత్తి కొనుగోలుకు 80 లక్షలు, కూలి, కరెంటు, రవాణా, మరమ్మతులకు 10 లక్షలు, యంత్రాల తరుగుదలకు 3 లక్షలు పోతే మిగిలేది 7 లక్షలు. ఇదే నిర్వహణ లాభం. అమ్మకాల్లో 7 శాతం.

● వడ్డీ, పన్ను ఇందులో కలవవు: ఇదే లాభం వచ్చే పక్క మిల్లుకు అప్పు లేదు, మన మిల్లు మాత్రం 4 లక్షల వడ్డీ కడుతోంది. పన్నుకు ముందు ఒకరికి 7 లక్షలు, మరొకరికి 3 లక్షలే మిగులుతాయి. వ్యాపారం రెండుచోట్లా ఒకేలా నడుస్తోంది, తేడా అప్పులో ఉంది.

● స్థలం అమ్మిన డబ్బు లెక్కలోకి రాదు: అది ఒక్కసారి వచ్చేది, పత్తి ఆడించి సంపాదించింది కాదు.

● మగ్గానికీ ఇదే సూత్రం: 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం స్థాపించారు. సంఘమైనా, సొంత మగ్గమైనా నూలు, రంగులు, నేత కూలి, తరుగుదల పోను మిగిలిందే పని తెచ్చిన లాభం.

గుర్తుంచుకోండి: గల్లాపెట్టె నిండినంత మాత్రాన లాభం వచ్చినట్టు కాదు. ఖర్చులు రాసుకున్నవారికే తమ వ్యాపారం బలం తెలుస్తుంది.