మృతుల గ్రంథాలయము: మన పిల్లలు చదివే ఒక నవల



ఇంగ్లీషు మీడియం చదివే మన యవ్వనస్థులు ఇప్పుడు నవలలు ఫోన్లోనే చదువుతున్నారు. అలాంటి వాటిలో ‘ది ఆర్కైవ్డ్’ ఒకటి. మృతుల గురించిన కథ అనగానే, “అయ్యగారూ, ఇది చదవనివ్వవచ్చా?” అని తల్లిదండ్రులు అడగడం సహజమే.

అమెరికా రచయిత్రి విక్టోరియా ష్వాబ్ రాసిన ఈ నవల 2013లో వెలువడింది. అందులో మృతులు పుస్తకాలవలె అరల్లో నిద్రిస్తుంటారు. ఒక్కొక్కరిలో వారి జీవితమంతా దాగి ఉంటుంది. దానిని చదవగలవారు అక్కడి గ్రంథపాలకులు మాత్రమే. మేల్కొని బయటికి రాజూచేవారిని తిరిగి పంపడం 16 ఏళ్ల మెకెంజీ పని. ఆ బాధ్యత తాతగారి నుండి ఆమెకు వచ్చింది. ఆమె తమ్ముడు బెన్ చనిపోయాడు. తమ్ముడు ఆ అరల్లోనే ఉన్నాడని తెలిసిన అక్క మనసు ఊరుకుంటుందా? కథకు ప్రాణం ఇదే.

దీనిని మంత్రవిద్య అని తోసివేయక ముందు ఆ దుఃఖాన్ని గమనించండి. కమ్మర్‌పల్లి మొదలుకొని మన జిల్లా పల్లెల నుండి బ్రతుకుతెరువుకు గల్ఫ్ వెళ్లినవారిలో కొందరు పెట్టెలో తిరిగి వచ్చారు. నాన్న పంపిన వాయిస్ మెసేజ్‌ను రాత్రివేళ మళ్లీ మళ్లీ వినే బిడ్డకు మెకెంజీ వేదన కొత్తది కాదు.

పరిశుద్ధ గ్రంథము ఆ వేదనను ఎరుగును. సౌలు చనిపోయిన సమూయేలుతో మాట్లాడగోరి ఏన్దోరుకు వెళ్లాడు, మరింత భయంతో తిరిగి వచ్చాడు (1 సమూయేలు 28). దావీదు బిడ్డ కొరకు ఏడ్చాడు. బిడ్డ తిరిగి రాడనీ, తానే వాని యొద్దకు వెళ్తాననీ ఒప్పుకొన్నాడు (2 సమూయేలు 12:23). మృతులను పిలవడాన్ని దేవుడు నిషేధించాడు గాని, వారి కొరకు ఏడవడాన్ని నిషేధించలేదు. లాజరు సమాధి యొద్ద యేసు కన్నీళ్లు విడిచాడు.

ప్రకటన 20:12లోనూ గ్రంథాలు విప్పబడతాయి. అయితే అక్కడ మృతులు అరల్లో పడి ఉండరు, దేవుని యెదుట నిలుస్తారు. నవలలోని గ్రంథాలయము గడిచిన జీవితాన్ని భద్రపరుస్తుంది. పునరుత్థానము నూతన జీవితాన్ని ఇస్తుంది. ఈ తేడాను పిల్లలకు విడమరచి చెప్పాలి.

కాబట్టి ఫోన్ లాక్కోకండి. “ఈ కథలో నీకు ఎవరు గుర్తొచ్చారు?” అని అడగండి. సమాధుల పండుగకు సున్నం వేసి, కొవ్వొత్తులు వెలిగించి వచ్చేస్తాం. ఈసారి అక్కడ కాసేపు కూర్చొని, పోయినవారి పేరు పలికి, వారి సంగతులు పిల్లలకు చెప్పండి. పిల్లలు ఏడిస్తే ఏడవనివ్వండి.