హాస్టల్ గదిలోనే.. బొబ్బర్లు, నూడుల్స్ సలాడ్!

సాయంత్రం ఏడు దాటాక దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగితే ముందు పలకరించేది వాసనే. పెద్ద మంట మీద కడాయిలో ఎగిరే ఎగ్ నూడుల్స్, ఆ పక్క బండి మీద మిర్చి బజ్జీ. క్లాసు అయిపోయింది. కడుపు మాడుతోంది. మెస్‌లో ఏం కూర ఉంటుందో ముందే తెలుసు. ఇక కాళ్లు ఎటు వెళ్తాయో నేను చెప్పక్కర్లేదు కదా!

నేనూ అలాగే వెళ్లా, రెండేళ్లపాటు. బీటెక్ అయ్యాక ఉద్యోగాల వేటలో చైతన్యపురిలో ఓ హాస్టల్‌లో ఉండేదాన్ని. టిఫిన్ మానేస్తే అటు టైమూ ఇటు డబ్బూ మిగులుతాయని లెక్క. రాత్రిళ్లు కెటిల్‌లో ఇన్‌స్టంట్ నూడుల్స్, చదువుతూ నాలుగైదు టీలు. అమ్మ ఫోన్ చేసి ‘తిన్నావా?’ అంటే ‘ఆ, తిన్నా’ అనేదాన్ని. ఏం తిన్నానో మాత్రం చెప్పేదాన్ని కాదు.

ఓసారి ఇంటర్వ్యూలో మొదటి రౌండ్ దాటి రెండోదానికి కూర్చున్నాక కళ్లు తిరిగాయి. వందసార్లు చెప్పిన జవాబు నోట్లోంచి రాలేదు. ఆ ఉద్యోగం పోయింది. తర్వాత రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.9. ‘ఏం తింటున్నావమ్మా?’ అని డాక్టరమ్మ అడిగితే చెప్పడానికి నా దగ్గర రెండే ఉన్నాయి.. నూడుల్స్, టీ.

కోత పడేది తిండి మీదే

కోచింగ్ ఫీజు తగ్గదు. హాస్టల్ అద్దె తగ్గదు. పుస్తకాలు, దరఖాస్తు రుసుములు, పరీక్ష కేంద్రానికి ప్రయాణం.. ఏదీ మన చేతిలో ఉండదు. ఇంటి నుంచి ఇంకో వెయ్యి అడగడానికి మనసొప్పదు. అందుకే మనం మొదట కోత పెట్టేది తిండికే. అది అప్పటికప్పుడు కనిపించదు. మధ్యాహ్నం క్లాసులో నిద్ర, చదివింది గుర్తుండకపోవడం, చిన్నదానికే చిరాకు.. ఇలా మెల్లగా బయటపడుతుంది. ‘నాకు ఏకాగ్రత లేదు’ అని మనల్ని మనమే తిట్టుకుంటాం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. మీ గదిలో నలుగురు అమ్మాయిలుంటే అందులో ఇద్దరి సంగతి ఇదే అనుకోవచ్చు.

అక్క నేర్పిన గిన్నె

మా గదిలో నల్గొండ నుంచి గ్రూప్స్ ప్రిపరేషన్‌కు వచ్చిన ఓ అక్క ఉండేది. నా రిపోర్టు చూసి ఏమీ అనలేదు. ఆ రాత్రి గుప్పెడు బొబ్బర్లు నానబెట్టింది. మర్నాడు వాటిని ఉడికించి, నా నూడుల్స్‌లో సగం తీసి పక్కన పెట్టి, మిగతా సగంలో బొబ్బర్లు, కీర, నిమ్మరసం, పల్లీల పొడి కలిపి ఇచ్చింది. ‘ఏందక్కా ఇది, నూడుల్స్‌లో గుగ్గిళ్లా?’ అని నవ్వా. ‘ముందు తిను, తర్వాత నవ్వు’ అంది.

ఆ తర్వాత తెలిసింది, ఇది కొత్త వంటేం కాదని. చల్లటి నూడుల్స్‌లో పచ్చి కూరగాయలు, పులుపు, కారం కలిపి తినడం జపాన్, వియత్నాం, థాయ్‌లాండ్‌లలో మామూలే. థాయ్‌వాళ్ల గాజులాంటి సన్న నూడుల్స్‌ను పెసల పిండిపదార్థంతోనే చేస్తారు. చైనాలోని లాజియా తవ్వకాల్లో సుమారు 4,000 ఏళ్ల నాటి నూడుల్స్ దొరికాయని 2005లో ‘నేచర్’ పత్రికలో ఓ పరిశోధన వచ్చింది. అవి దేనితో చేసినవన్నారో తెలుసా? కొర్రలు, వరిగలతో! ఇక గుగ్గిళ్లంటారా, అవి మన పండగల్లో ఎప్పటినుంచో ఉన్నవే.

ఏమేం కావాలి? (ఒకరికి)

• బొబ్బర్లు (అలసందలు): 50 గ్రాములు, అంటే పెద్ద గుప్పెడు. ఇవి లేకపోతే పెసలు, శనగలు.
• బియ్యం సేమియా లేదా రాగి సేమియా: 60 గ్రాములు. ప్యాకెట్ నూడుల్సే ఉంటే సగం ప్యాకెట్, అందులోని మసాలా పొడి వేయకుండా.
• కీర, క్యారెట్, క్యాబేజీ: సన్నగా తరిగి రెండు గుప్పెళ్లు. ఉల్లికాడలు, కొత్తిమీర కొంచెం.
• వేయించిన పల్లీలు: ఓ చెంచాడు కచ్చాపచ్చాగా దంచినవి. నువ్వులు అర చెంచా.
• కలపడానికి: నిమ్మకాయ ఒకటి, సోయా సాస్ ఒక టీస్పూన్, నువ్వుల నూనె ఒక టీస్పూన్, దంచిన వెల్లుల్లి రెండు రెబ్బలు, పచ్చిమిర్చి ఒకటి, చిటికెడు బెల్లం.

కూరగాయలకు నేనైతే కొత్తపేట రైతుబజార్‌కు వెళ్తా. రేట్లు బోర్డు మీద రాసి ఉంటాయి, బేరంతో పని లేదు. నలుగురు కలిసి కొంటే కీర పావుకిలో, క్యారెట్ పావుకిలో అంటూ వృథా ఉండదు.

ఎలా చేయాలి?

1. ఉదయం క్లాసుకు వెళ్లేముందు బొబ్బర్లు కడిగి నానబెట్టండి. సాయంత్రానికి సిద్ధం. కుక్కర్‌లో రెండు మూడు విజిల్స్ చాలు. మెత్తగా ఉడకాలి కానీ ముద్ద కాకూడదు.

2. బియ్యం సేమియాను మరిగే నీళ్లలో వేసి మూతపెట్టండి. రకాన్ని బట్టి నాలుగైదు నిమిషాల్లో మెత్తబడుతుంది. వెంటనే వడకట్టి తాగే చల్లటి నీళ్లు పోయండి. అప్పుడు అతుక్కోదు. రాగి సేమియా అయితే ప్యాకెట్ మీద రాసినట్టు ఆవిరి మీద ఉడికించాలి.

3. ఓ గ్లాసులో నిమ్మరసం, సోయా సాస్, నూనె, వెల్లుల్లి, మిర్చి, బెల్లం వేసి బాగా గిలకొట్టండి. రుచంతా ఇందులోనే ఉంది. పులుపు, ఉప్పు, తీపి, కారం నాలుగూ నాలుకకు తగలాలి.

4. అన్నీ పెద్ద గిన్నెలో వేసి కలిపి, పైన పల్లీలు, నువ్వులు చల్లండి. కోడిగుడ్డు తినేవాళ్లు ఉడికించింది ఒకటి కోసి వేసుకోవచ్చు.

నానబెట్టే సమయం పక్కన పెడితే పని అరగంట. నా లెక్కలో ఖర్చు గిన్నెకు 40 రూపాయలు అటూఇటూ.

లెక్క చూద్దాం

మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. రోజుకు 2,000 కిలోక్యాలరీలు తీసుకునేవారు అందులో తృణధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పప్పులు లేదా గుడ్లు, మాంసం 85 గ్రాములు ఉండేలా చూసుకోవాలని సూచించింది. మెస్ పప్పులో పప్పు ఎంత, నీళ్లెంత అన్నది మీకే తెలుసు! ఈ గిన్నెలో బొబ్బర్లే 50 గ్రాములు.

ప్రొటీన్ విషయానికొస్తే, బరువులో ప్రతి కిలోకు రోజుకు 0.83 గ్రాములు కావాలి. 55 కిలోల అమ్మాయికి సుమారు 46 గ్రాములు. బొబ్బర్ల నుంచి 11, సేమియా, పల్లీల నుంచి మరో ఆరేడు. అంటే రోజుకు కావాల్సిన దాంట్లో మూడో వంతు పైనే ఒక్క పూటలో వచ్చేస్తుంది. పైగా ధాన్యంలో తక్కువగా ఉండే అమైనో ఆమ్లాన్ని పప్పుగింజలు పూడుస్తాయి.

నిమ్మకాయ రుచికి మాత్రమే కాదండోయ్. అందులోని విటమిన్ సి, గింజల్లోని ఐరన్ ఒంటికి పట్టేలా చేస్తుంది. టీ, కాఫీ దానికి అడ్డుపడతాయి. అందుకే తినడానికి గంట ముందు, తిన్నాక గంట వరకు టీ వద్దు. నేను మార్చుకున్న అలవాట్లలో అన్నిటికంటే కష్టమైంది ఇదే! అయితే రిపోర్టులో రక్తం తక్కువని వస్తే సలాడ్‌తో సరిపెట్టుకోకండి. డాక్టర్ రాసిన ఐరన్ మాత్రలు వేసుకోవాల్సిందే. నేనూ వేసుకున్నా.

సోయా సాస్ మాత్రం టీస్పూన్ దాటనివ్వొద్దు. ఒక టేబుల్‌స్పూన్‌లోనే రెండు గ్రాములకు పైగా ఉప్పు ఉంటుంది. రోజు మొత్తానికి ఉప్పు పరిమితి 5 గ్రాములే.

ఈ మూడూ మరవొద్దు

కెటిల్‌లో రాజ్మా వద్దు: సరిగా ఉడకని రాజ్మాలోని లెక్టిన్ వల్ల వాంతులు, విరేచనాలు అవుతాయి. కెటిల్ నీళ్లు మరగ్గానే ఆగిపోతుంది, గింజ ఉడకదు. రాజ్మా రాత్రంతా నానాలి, ఆ నీళ్లు పారబోసి కుక్కర్‌లోనే ఉడికించాలి.

ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దు: ఇంజినీరింగ్ చదివాం కాబట్టి ఓ చిన్న లెక్క. 6 ఆంపియర్ల బోర్డు 230 వోల్టుల దగ్గర మోయగలిగేది 1,380 వాట్లు. చాలా కెటిళ్లు 1,500, ఇండక్షన్ స్టవ్‌లు 2,000 వాట్ల వరకు లాగుతాయి. గోడకున్న 16 ఆంపియర్ల సాకెట్‌లోనే పెట్టండి. హాస్టల్‌లో స్టవ్ వద్దంటే దొంగచాటుగా వాడకండి. మెస్ వంటావిడను అడిగి చూడండి. నలుగురి బొబ్బర్లు ఒకే కుక్కర్‌లో పెట్టడానికి మా ఆంటీ ఎప్పుడూ కాదనలేదు.

రేపటికి దాచొద్దు: ఫ్రిజ్ లేని గదిలో కలిపిన సలాడ్‌ను రెండు గంటల్లోపు తినేయాలి. ఎండాకాలం అయితే ఇంకా ముందే.

సలాడ్ తిన్నవాళ్లందరికీ ఉద్యోగాలొస్తాయని నేను చెప్పను. ఆ అక్కకు రెండుసార్లు రాలేదు, మూడోసారి వచ్చింది. ఇప్పుడు పంచాయతీ కార్యదర్శి. నాకు ఆ ఇంటర్వ్యూ తర్వాత ఇంకో పద్నాలుగు నెలలు పట్టింది. కానీ ఆ పద్నాలుగు నెలల్లో ఏ పరీక్ష హాల్లోనూ నాకు కళ్లు తిరగలేదు.

ఇప్పుడు ఎల్‌బీ నగర్‌లో ఉంటున్నా. రోజూ మెట్రో ఎక్కి అమీర్‌పేట్‌లో మారి ఆఫీసుకు వెళ్తా. సాయంత్రం తిరిగొచ్చి బొబ్బర్లు కుక్కర్‌లో పెట్టాక అమ్మ ఫోన్ చేస్తుంది. ‘తిన్నావా?’ అంటుంది. ఇప్పుడైతే ఏం తిన్నానో కూడా చెబుతున్నా. మరి ఈ రాత్రి మీ ఇంటి నుంచి ఫోన్ వస్తే, మీరేం చెబుతారు?