చలికి మాడే తులసి: పొద్దుగూకక ముందే కప్పితే దక్కుతుంది

సైదాబాద్: ధనుర్మాసం వచ్చిందంటే వాకిట ముగ్గు నిండుగా ఉంటుంది, గద్దెలోని తులసి మాత్రం ఆకు రాల్చి పుల్లలు తేలుతుంది. సైదాబాద్ ప్రాంతంలో మిద్దెల మీద, వాకిళ్లలో ఏటా చలికాలంలో కనిపించే దృశ్యమిది. పూజకు బాగా కావలసిన నెలలోనే మొక్క చేయి దాటిపోతుంటే ఇల్లాళ్లు కలవరపడుతుంటారు. దిష్టి తగిలిందని, ఇంటికి కీడని శంకించేవారూ లేకపోలేదు. నిజానికి ఇది చలి చేసే పని. కాస్త ముందు చూపు ఉంటే మొక్క దక్కుతుంది.

మంచు గడ్డకట్టకున్నా దెబ్బే

హైదరాబాద్ వేడి ప్రాంతమే. అయినా సముద్రానికి దూరంగా, 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నందున పుష్య మాసపు రాత్రుల్లో చలి గట్టిగానే ఉంటుంది. 1946 జనవరి 8న నగరంలో 6.1 డిగ్రీలు నమోదైంది. విశాఖ మన్యంలోని లంబసింగిలో వలె గడ్డి మీద మంచు పేరుకోవడం ఇక్కడ మామూలుగా ఉండదు. కాని వేడి దేశపు మొక్క మాడటానికి మంచు గడ్డకట్టనక్కరలేదు. సుమారు 14 డిగ్రీలకే అరటి ఎదుగుదల ఆగిపోతుంది. పది డిగ్రీల లోపుకు దిగితే తులసి, బొప్పాయి, టమాట నారు దెబ్బతింటాయి. చల్లబడిన మట్టిలో వేళ్లు నీరు సరిగా తాగలేవు. తెల్లవారి ఎండ తగలగానే ఆకు వాడిపోయి నల్లబడుతుంది.

మబ్బు లేని రాత్రి, గాలి కదలని రాత్రి మరీ ప్రమాదం. పగలు నేల పీల్చుకున్న వేడి రాత్రి ఆకాశంలోకి పోతుంది. మబ్బు ఉంటే దుప్పటిలా ఆ వేడిని కొంత ఆపుతుంది. అది లేనప్పుడు నేలను అంటిన గాలి, పైగాలి కన్నా ఎక్కువ చల్లబడుతుంది. వాతావరణ కేంద్రం వారి ఉష్ణమాపకం మనిషి నడుము ఎత్తుకు పైన ఉంటుంది కనుక రేడియోలో విన్న లెక్క కన్నా నారుమడిలో చలి ఎక్కువని గ్రహించాలి.

సాయంత్రమే పని

పొడి మట్టి కన్నా తడి మట్టి పగటి వేడిని ఎక్కువగా దాచుకుంటుంది. అందుచేత పగటిపూటే మొదట్లో నీరు పోయాలి. ఆకుల మీద చల్లకూడదు. కుండీలో నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది కనుక తడి ఆరకుండా ఉంటే చాలు. మొదట్లో వరిగడ్డి గాని, ఎండుటాకులు గాని పరచాలి.

పొద్దుగూకక ముందే, నేలలో వెచ్చదనం ఉండగానే మొక్కను కప్పాలి. పాత చీర, దుప్పటి, గోనెపట్టా ఏదైనా పనికి వస్తుంది. నాలుగు పుల్లలు నాటి, ఆకులకు తగలకుండా, అంచులు నేలను తాకేట్టు వేయాలి. మొదలు చుట్టి తల మీద ముడి వేస్తే నేల వేడి మొక్కకు అందదు. ప్లాస్టిక్ కాగితం ఆకుకు అంటుకుంటే అంటిన చోటే మాడుతుంది. పొద్దెక్కగానే కప్పు తీయాలి. మరిస్తే లోపల ఉడికిపోతుంది.

మిద్దె మీది కుండీకి నాలుగు వైపులా చలి తగులుతుంది. కుండీలన్నీ ఒకచోట చేర్చి, పగలు ఎండ పడిన గోడ పక్కన పెడితే ఆ గోడ రాత్రి కొంత వేడినిస్తుంది. తులసికి ఎండిన కంకులు తుంచివేయడం మరవరాదు. గింజ కట్టే పనిలో పడిన మొక్కకు చిగురు వేసే బలం తగ్గుతుంది.

పల్లె పెరటికీ ఇదే పద్ధతి

పల్లెల్లో మిరప, వంగ, టమాట నారుమడులకూ ఈ జాగ్రత్తలే వర్తిస్తాయి. రాత్రి పూట చెత్త కాల్చి పొగ పెట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది. పొగ దుప్పటిలా కాపాడుతుందన్నది భ్రమ. మంట వేడి దగ్గరి మొక్కలకు కొంత అందవచ్చునే గాని పొగ వల్ల దగ్గే మిగులుతుంది. పైగా నిప్పు రవ్వ పడితే గడ్డివామికే ముప్పు.

మాడినా పీకవద్దు

ఆకు నల్లబడగానే మొక్కను పీకి పారేయడం తొందరపాటు. గోటితో కాండాన్ని కాస్త గీకి చూడాలి. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. వెంటనే కత్తిరించినా, యూరియా వేసినా లేత చిగురు వచ్చి మళ్లీ చలికి బలి అవుతుంది. ఎండిన కొమ్మలే కింది కణుపులకు కొంత కప్పుగా పనికి వస్తాయి.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దల మాట. అప్పుడు ఎండుకొమ్మ కోసి, మొదట్లో గుప్పెడు చివికిన పశువుల ఎరువు వేయాలి. చచ్చిందనుకున్న తులసి ఉగాదికి చిగురించవచ్చు. కీడు శంకించిన ఇంటికి అంతకన్నా ఊరట ఏముంటుంది?